ఆదిలక్ష్మమ్మ పేరిట

శ్రావణ శుక్రవారం తెల్లవారుతూనే ఆదిలక్ష్మమ్మ వంటింట్లోకి వెళ్లి, ముందురోజు నానబోసిన శనగల్లో చెయ్యిపెట్టి నొక్కి చూసింది. బాగా నానాయి. ఉదయగిరి బజారు వీధిలో శెట్టి గారింటి పేరంటమంటే శనగలకు కొదవ ఉండకూడదు. రెండేళ్లుగా వానల్లేక చేలన్నీ బీడుపడ్డాయి, ఊరి చివర సర్కారువాళ్లు గంజి పోస్తున్నారు, అయినా పండగ పండగే. ఏటా సాయంత్రానికి ఆమె వాకిలి ఆడవాళ్లతో నిండిపోయేది. ఆఖరున వచ్చినవాళ్లకు శనగలు చాలక పక్కింటికి పరుగెత్తిన ఏడు కూడా ఉంది. అందుకే ఈసారి పెద్ద ఇత్తడి గంగాళం నిండా నానబోసింది.

అత్త రామసుబ్బమ్మ అరుగుమీద కూర్చుని పత్తి వత్తులు చేస్తోంది. భర్త పెంచలనరసింహం ఊళ్లో లేడు. ముందురోజు పొద్దున్నే ఆత్మకూరు బస్సెక్కి వెళ్లాడు. కోర్టు పనులున్నాయన్నాడు. ఆయనకు పేరుకు నూనెలు, పప్పుల కొట్టు. కరువు మొదలైనప్పటినుంచీ మాత్రం అసలు వ్యాపారం కోర్టు పనులే. ఆ పనులేమిటో ఆదిలక్ష్మమ్మ ఎన్నడూ అడగలేదు. మగవాళ్లు బయట చేసేవి ఆడవాళ్లు అడగరాదని ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ చెబుతూనే వచ్చారు మరి. అడగని పాపానికి ఆమెకు జరిగిన మర్యాద ఇప్పుడు చూడండి.

గడపకు పసుపు రాస్తుండగా పైవీధిలోనుంచి తప్పెట చప్పుడు వినిపించింది. దండోరా వేసే వరదయ్య గొంతు ఉదయగిరి కొండకు తగిలి తిరిగొచ్చేంత పెద్దది. ఏ మాటా పోకుండా వినపడింది.

"ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, పైవీధి రత్తయ్య ఇల్లు కోర్టు వేలంలో పాడుకున్న పెంచలనరసింహం శెట్టి గారి భార్య ఆదిలక్ష్మమ్మ గారికి ఈ దినం దఖలు పరచడమైనది. ఇకమీదట ఆ ఇంటితో రత్తయ్యకు ఏ సంబంధమూ లేదహో."

ఆదిలక్ష్మమ్మ పసుపు చెయ్యి గడపమీదే ఆగిపోయింది. తను పొరపాటున విన్నదేమో అనుకుంది. వరదయ్య వీధి మలుపు తిరిగి అదే మాట, అదే పేరు మళ్లీ చెప్పాడు. ఆ ఊళ్లో పెంచలనరసింహం శెట్టి ఒక్కడే. ఆయన భార్యా ఒక్కతే.

ఆమె లేచి అత్త దగ్గరికి వచ్చింది. "అత్తా, విన్నావా? రత్తయ్య, కోటమ్మ వాళ్ల ఇల్లు నేను కొన్నానంట. నేనెప్పుడు కొన్నాను?"

రామసుబ్బమ్మ వత్తి చేయడం ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. ఆ ఎత్తకపోవడంలోనే ఆమెకు అంతా తెలుసునని తెలిసిపోయింది. గుచ్చిగుచ్చి అడిగితే ముసలమ్మ ఒక్కొక్కటే చెప్పింది. రత్తయ్య బాకీపడింది పెంచలనరసింహానికేనట. అప్పిచ్చినవాడు కోర్టుకెక్కి, అప్పు పడ్డవాడి ఇంటిని వేలానికి తెస్తే, ఆ వేలంలో తనే పాడుకోవాలంటే కోర్టు అనుమతి కావాలట. సవాలక్ష ప్రశ్నలు అడుగుతారట. పెళ్లాం పేరుతో పాడితే ఏ బాధా లేదని ప్లీడరు చెప్పాడట. పైగా పెళ్లాం పేరిట ఉంటే దాయాదులెవరూ వచ్చి వాటా అడగరట.

ఇంకో సంగతి కూడా ముసలమ్మే చెప్పింది. ఈ వేలాలకు వచ్చే వ్యాపారస్తులంతా లోపల ఒక మాట అనుకున్నారు. ఒకడి పాటకు ఇంకొకడు అడ్డు రాడు. కాబట్టి ఎంత నిక్షేపంలాంటి ఇల్లయినా చవగ్గా చేతికొస్తుంది. రత్తయ్య ఇల్లు ఎంత చవగ్గా పోయిందంటే, ఆ డబ్బు అప్పులో జమ వేసుకున్నాక కూడా ఇంకా బాకీ మిగిలింది. ఇల్లూ పోయింది, బాకీ ఉండనే ఉంది. ఇదేం లెక్కో, ఇదేం న్యాయమో ఆ పైవాడికే తెలియాలి.

"ఇదొక్కటేనా అత్తా?"

"సాలెవీధిలో ఒకటి. కొండాపురంలో ఒకటి. అవీ నీ పేరుమీదే ఉండాయి."

అప్పుడు గుర్తొచ్చింది ఆదిలక్ష్మమ్మకు. కూతురు చెంచులక్ష్మి పెళ్లికి ముందు పలకమీద దిద్దించి దిద్దించి ఆమెకు సంతకం నేర్పింది. అత్త వేలిముద్ర మనిషి, తను సంతకం మనిషి అయిందని ఎంత మురిసిపోయిందో. భర్త ఏవో కాగితాలు తెచ్చి, నీ రాత ముత్యాల్లాగా ఉంటుందే అని మెచ్చుకుంటూ సంతకం పెట్టించుకునేవాడు. ముత్యాలట. ఆ మెప్పుకోలుకు ఆశపడి ఆమె ఇంకా గుండ్రంగా రాసిచ్చింది. తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది.

ఇన్నాళ్లూ అర్థంకాని సంగతులు కూడా ఒక్కసారిగా అర్థమయ్యాయి. కొన్ని నెలలుగా బావి దగ్గర ఆమె వెళ్లగానే మాటలు ఆగిపోతున్నాయి. కోవెల్లో పక్కన కూర్చున్న ఆడవాళ్లు కొంచెం కొంచెం జరుగుతున్నారు. మనకు నాలుగు డబ్బులు చేరాయని ఓర్వలేకున్నారు అనుకుంది వెర్రిది. మొన్న ఇంటింటికీ వెళ్లి పేరంటానికి బొట్టుపెట్టి పిలిచినప్పుడు సాలెవీధి నాగులమ్మ బొట్టు పెట్టించుకుంది గాని కళ్లెత్తి చూడలేదు. ఎట్లా చూస్తుంది పాపం, వాళ్ల చిన్నాన్న ఇంటికి తాళం వేయించిన మనిషి వచ్చి నుదుట బొట్టు పెడుతుంటే.

అయినా ఆమె పేరంటం మానలేదు. బొట్టుపెట్టి పిలిచాక మానడం ఎట్లా? అమ్మవారిని అలంకరించింది. చలిమిడి చేసింది. తమలపాకులు కడిగి, చాప పరిచి, పసుపు గిన్నె, కుంకుమ భరిణె సర్ది కూర్చుంది.

మధ్యాహ్నం దాటింది. ఎండ వాకిట్లోనుంచి అరుగెక్కి, అరుగుమీదినుంచి గోడెక్కింది. వీధిలో ఆడవాళ్లు పోతూనే ఉన్నారు. పట్టుచీరలు కట్టుకుని, చేతిలో తాంబూలాలతో ఇతర ఇళ్లకు పోతున్నారు. ఈ వాకిలి దగ్గరికి వచ్చేసరికి వీధికి అవతలి పక్కనుంచి నడుస్తున్నారు. బొట్టుపెట్టి పిలిస్తే రాకపోవడమంటే ముఖంమీద తలుపు వేయడమే. ఒక్కరు కాదు, ఊరంతా వేసింది. రామసుబ్బమ్మ వాకిలి వంక చూడటం, శనగల గంగాళం వంక చూడటం, నోరు తెరవకుండా వత్తులు చేయడం. అప్పటికి ఏడాదికి సరిపడా వత్తులు అయిపోయి ఉంటాయి.

పొద్దు వాలుతుండగా ఒక మనిషి మాత్రం వచ్చింది. ఆమె కోటమ్మ, రత్తయ్య భార్య.

ఏటా అందరికంటే ముందు వచ్చేది కోటమ్మే. కొంగు బిగించి తాంబూలాలు సర్దేది, అక్కా ఇది యాడ పెట్టేది, అక్కా అది యాడ ఉండాది అంటూ ఇల్లంతా తనదే అయినట్టు తిరిగేది. ఇవాళ గడప బయటే నిలబడింది. చీర పొద్దున కట్టుకున్నదే. మోచేతిదాకా పొయ్యి మసి ఉంది.

"బొట్టుపెట్టి పిలిచినావు గదా శెట్టెమ్మా, వచ్చినాను."

అక్కా అనలేదు. శెట్టెమ్మా అంది.

"కోటమ్మా, అమ్మవారి సాక్షిగా నాకు తెలియదు" అంది ఆదిలక్ష్మమ్మ.

"తెలియకుండానే తప్పెటమీద నీ పేరు కొట్టినారా? పొయ్యిమీద ఎసరు మరగతా ఉండాది. కోర్టు అమీనా వచ్చి దించమన్నాడు. దించినాను. ఆయన్నేమంటాను, జీతం కోసరం వచ్చిన మనిషి. మా ఇల్లు ఎవరయ్యా కొనింది అని అడిగితే నీ పేరు చెప్పినాడు. శెట్టి పేరు చెప్పుంటే రెండు తిట్లు తిట్టుకోని బయటికొచ్చేదాన్ని. నీ పేరు చెప్పేసరికి తిట్టేదానికి కూడా నోరు రాలేదు నాకు."

కోటమ్మ చీరకొంగు చాచింది.

"ఇల్లు తీసుకున్నావు. శనగలన్నా పెట్టు. పిల్లోళ్లకు పొద్దున్నించి ఏమీ లేదు."

పండుగనాడు శనగలు పెట్టేవాళ్లు 'ఇస్తినమ్మ వాయనం' అంటారు, పట్టుకునేవాళ్లు 'పుచ్చుకుంటినమ్మ వాయనం' అంటారు. ఆ మాటా ఈ మాటా కలిస్తేనే ఇచ్చింది ఇచ్చినట్టు. ఆదిలక్ష్మమ్మ దోసిళ్లతో శనగలెత్తి ఆ కొంగు నిండా పోసి, తన మాట అంది. కోటమ్మ బదులు చెప్పలేదు. కొంగు మూటకట్టుకుని, వెనక్కు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ జవాబు లేకపోవడం ఆదిలక్ష్మమ్మ గుండెల్లో ముల్లులా దిగబడింది. ఏడుపు రాలేదు. ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన తరువాత అంత కోపం ఆమెకెప్పుడూ రాలేదు.

దీపాలు పెట్టేవేళకు పెంచలనరసింహం బస్సు దిగి వచ్చాడు. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు. చేతిలో ఒక పట్టుచీర పొట్లం, మొలతాడుకు కొత్త తాళంచెవి. అమీనా దగ్గర కొట్టు గుమాస్తా తీసుకున్న తాళంచెవిని బస్సు దగ్గరే ఇచ్చాడు కాబోలు. గంగాళం నిండుగా ఉండటం చూసి, ఇన్ని మిగిలాయేమిటని అడిగాడు.

"ఎవురూ రాలేదు" అంది ఆదిలక్ష్మమ్మ.

ఆయన దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కరువు రోజులు, ఎవరి బాధలు వాళ్లవి అన్నాడు. కాళ్లు కడుక్కుంటూ అసలు విషయం చెప్పాడు. రత్తయ్య ఇంటికి అప్పుడే బేరం వచ్చిందట. అనంతసాగరం చింతపండు వ్యాపారి గోదాముకు అడుగుతున్నాడట. మధ్య గోడలు కొట్టేస్తే బస్తాలు బాగా పడతాయట. పాడుకున్నదానికి మూడింతలు ఇస్తాడు. రేపు మంచిరోజు, రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలి, ఆ పట్టుచీర కట్టుకుని రమ్మన్నాడు.

"నేను పెట్టను."

ఆయనకు అర్థంకాలేదు. మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది.

"ఏమైందే నీకు? పేరు వాడుకున్నానని అలిగినావా? పేరు వాడితే అరిగిపోతాదా? నీ నగలు తాకట్టు పెట్టినానా, నీ పుట్టింటి సొమ్ము ముట్టినానా?"

"నగలు అడిగుంటే ఇచ్చేదాన్ని. నగ పోతే మళ్లా చేయించుకోవచ్చు. పొద్దున ఊరంతా తిరిగి నా పేరు కొట్టినారు. మీ మీద పడాల్సిన ఉసురు నా మీద పడింది. సంపాదన మీదా, ఉసురు నాదా? మీ పేరేమో కొట్టు బోర్డుమీద రంగులతో రాయించుకున్నారు. నా పేరేమో జనాన్ని ఇండ్లల్లోనించి బయటికి ఈడ్చేదానికి పెట్టుకున్నారు."

"అంతా చట్టప్రకారం చేసినాను. దొంగతనం చేసినానా?"

"చట్టప్రకారం అయితే పాటకు రెండోవాడు ఎందుకు రాలేదో చెప్పండి. ఇయ్యాల మూడింతలు పలికే ఇల్లు ఆ రోజు అంతకు ఎట్టా పోయింది? పాట సక్రమంగా నడిచుంటే రత్తయ్య బాకీ తీరి, పైన నాలుగు డబ్బులు అతని చేతికి వచ్చుండేవి. ఇల్లు తిన్నారు, బాకీ మిగిల్చినారు. దీనికి నా సంతకమా? నా రాత ముత్యాల్లాగా ఉందని చెప్పి పెట్టించుకున్నారే, అప్పుడన్నా మీ నోరు తడబడలేదే."

పెంచలనరసింహం ముఖం మాడిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఎదురుచెప్పడం ఆయన ఎరగడు. గొంతు పెంచాడు. పెట్టింది తన డబ్బు కాబట్టి ఇల్లు తనదేనన్నాడు, ఆమె పెట్టకపోతే కోర్టుకు వెళ్లి సాధించుకుంటానన్నాడు. అంతవరకూ గోడకు ఆనుకుని కూర్చున్న రామసుబ్బమ్మ అప్పుడు నోరు విప్పింది.

"ఒరే, ఏ కోర్టుకు పోతావురా? పాటలో పేరు ఎవురిదైతే ఇల్లు వాళ్లదే, డబ్బు నాదని ఇంకోడొచ్చి అంటే కోర్టు చెవిన పెట్టదని నువ్వే గదరా నాకు చెప్పినావు. దాయాదుల నోరు మూసినానని నవ్వినావు గదా. ఆ దెబ్బ ఇప్పుడు నీకే తగిలింది. ఆ ఇల్లు నీది గాదు. దానిది."

ప్లీడరు చెప్పింది నిజంగా అదే. దాయాదులకోసం తవ్విన గుంటలో తనే పడ్డాడని ఆ క్షణంలోగాని ఆయనకు తట్టలేదు. అంత తెలివైనవాడు, ఇంత చిన్న సంగతి ఆలోచించలేదు. భార్య కాదంటుందని ఆలోచించాల్సిన అవసరమే ఆయనకు ఎన్నడూ రాలేదు.

రామసుబ్బమ్మ అంతటితో ఆగలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నాకు తెలిసీ నోరు మూసుకున్నాను. కొడుకు బాగుపడతా ఉండాడు, మనకెందుకులే అనుకున్నాను. ఇయ్యాల పొద్దున్నించి ఈ వాకిట్లో కూర్చున్నా గదా, ఒక్క ఆడమనిషి గడప తొక్కలేదు. రేపు నేను పోతే నీళ్లు పొయ్యడానికి ఈ ఇంటికి ఎవురొస్తారురా? నువ్వు కొన్న ఇండ్లొస్తాయా?"

ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పట్టుచీర పొట్లం అరుగుమీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఆదిలక్ష్మమ్మ తలస్నానం చేసి, పాత నేతచీర కట్టుకుని, పళ్లెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు, శనగలు పెట్టుకుని బయలుదేరింది. మొదట వరదయ్య ఇంటి ముందు ఆగి, తప్పెట తీసుకుని తనతో రమ్మంది. కోర్టు చెప్పనిదే నేనెట్టా కొట్టేదమ్మా అని అతను నీళ్లు నమిలాడు.

"నిన్న నువ్వు కొట్టిన పేరు నాదే వరదయ్యా. ఇయ్యాల కొట్టమంటా ఉండేది ఆ పేరుగల మనిషే. రా" అంది. ఆమె ముఖం చూసి అతను తప్పెట భుజానికెత్తుకున్నాడు.

పైవీధిలో రత్తయ్య ఇంటికి కొత్త తాళం వేలాడుతోంది. ఎదురింటి అరుగుమీద వాళ్ల సామాను, వాళ్లు. రోలు వీధిలోనే ఉంది. రత్తయ్య ఆమెను చూసి లేచి నిలబడ్డాడు గాని పలకరించలేదు. కోటమ్మ అసలు లేవలేదు. తప్పెట మోగేసరికి ఇళ్లలోనుంచి జనం బయటికొచ్చారు. ఇంకెవరి ఇల్లు పోయిందో అని భయపడి వచ్చారు పాపం. సాలెవీధినుంచి నాగులమ్మ కూడా వచ్చి దూరంగా నిలబడింది.

ఆదిలక్ష్మమ్మ చెప్పింది చెప్పినట్టు వరదయ్య అరిచాడు. ఆదిలక్ష్మమ్మ గారు తన పేరిట ఉన్న ఈ ఇంటిని రత్తయ్య భార్య కోటమ్మకు శ్రావణ వాయనంగా ఇస్తున్నారని, ఈ దినమే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెడుతున్నారని, ఇకమీదట ఈ ఇంటితో ఆమెకు ఏ సంబంధమూ లేదని.

రత్తయ్య తల అడ్డంగా ఊపాడు. "దానాలు మాకొద్దమ్మా. బాకీ పడినాను, కాదనను. వానొస్తే పైసాతో సహా కడతాను. ధర్మానికి వచ్చిన ఇంట్లో నేను ఉండలేను."

"దానం గాదు రత్తయ్యా. బాకీ బాకీయే, నువ్వు పండించి కట్టుకో. ఇల్లు మాత్రం తప్పుడు పాటలో వచ్చింది. అది నాకొద్దు." ఆమె కోటమ్మ వైపు తిరిగింది. "కోటమ్మా, నేను నీకేమీ ఇయ్యడంలా. నిన్నే నాకు ఇయ్యమంటా ఉండా. నా పేరు నాకు ఇయ్యి. నువ్వు పట్టుకోకపోతే నేను చచ్చిందాకా ఈ ఊళ్లో కొంపలు కూల్చిన ఆదిలక్ష్మమ్మనే."

కోటమ్మ కదల్లేదు. ఆ పళ్లెం వంక చూస్తూ కూర్చుంది. ఇంతలో జనం పక్కకు జరిగారు. పెంచలనరసింహం వచ్చాడు. కండువా లేదు, కంటికింద నిద్రలేని చారలు. ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్లి మొలతాడులోని తాళంచెవితో తాళం తీశాడు. తలుపు నెట్టాడు. అది రాలేదు. భుజం పెట్టి నెట్టినా రాలేదు. ఊరంతా చూస్తుండగా ఆయన ఆ పాత టేకు తలుపుతో కుస్తీపట్టాడు, చెమటలు కారాయి. ఎవరూ నవ్వలేదు.

కోటమ్మ లేచింది. ఆయన్ను తప్పుకోమనకుండానే పక్కనుంచి వచ్చి, తలుపు కిందికి పాదం పెట్టి కొంచెం పైకెత్తి నెట్టింది. తలుపు తెరుచుకుంది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమె ఆ తలుపును అట్లాగే తీస్తోంది.

పెంచలనరసింహం తాళంచెవిని రత్తయ్య చేతిలో పెట్టాడు. "మిగిలిన ఇండ్ల సంగతి కూడా చూస్తాను" అన్నాడు నేల చూస్తూ. ఆ మాట భార్యకు చెప్పాడో, ఊరికి చెప్పాడో, దూరంగా ఉన్న నాగులమ్మకు చెప్పాడో తెలియలేదు. అందరికీ వినపడింది.

ఆదిలక్ష్మమ్మ పళ్లెం చాచింది. "ఇస్తినమ్మ వాయనం" అంది.

కోటమ్మ కొంగు పట్టింది. కళ్లనుంచి నీళ్లు ధారలుగా కారుతున్నా తుడుచుకోలేదు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

ఆపైన ఆదిలక్ష్మమ్మ గుమ్మం మెట్టుమీద కూలబడి, నిన్నటినుంచీ రాని ఏడుపంతా ఏడ్చింది. కోటమ్మ లోపలికి వెళ్లి, అమీనా కంట పడకుండా గూట్లో మిగిలిపోయిన పాత కుంకుమ భరిణె తెచ్చి, వంగి ఆమె నుదుట బొట్టు పెట్టింది.

"వీధిలో కూర్చుంటావేంది ఆదిలక్ష్మక్కా" అంది. "పొయ్యి వెలిగిస్తాను. లోపలికి రా."